వేర్లు రాని నీళ్ళు

తార్నాక,
జూన్ 11, 2024.

శ్రావ్యకు,

జ్యోతిర్మయి నాయనమ్మ లచ్చవ్వ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. నాకు చదువు రాదు. మా మీది వాటాల ఉండే వెంకటలక్ష్మమ్మ, రైల్వేల నౌకరి చేసి రిటైరైన మనిషి, నేను చెప్తుంటే రాస్తున్నది. ఒక్క మాట మార్చనని ముందుగాలనే ఒట్టు పెట్టించుకున్న. కాబట్టి ఇందుల ఏ మాటన్న నీకు గరుకుగ తాకితే అది నాదే, ఆమెది కాదు.

మీ హాస్టలుకు మా ఇంటికి నడిస్తే ఇరవై నిమిషాలు, ఉత్తరం ఎందుకంటవేమో. ఫోను చేస్తే నువ్వు ఎత్తుతలేవు. ఎత్తినా ఫోన్ల మాటకు సాక్ష్యం ఉండదు. కాయితం మీద అడిగినదానికి కాయితం మీదనే జవాబు ఇయ్యాలె.

సంగతి చెప్తా. మొన్న జ్యోతి సర్టిఫికెట్లు తెచ్చుకుందామని మీ డిపార్ట్‌మెంటుకు పోయిన. లాబుల పనిచేసే నరహరి నన్ను కూసోబెట్టి చాయ్ తాగించిండు. మీ పిల్ల చేసిన పని ఇంగ్లీషు పత్రికల అచ్చయితున్నదవ్వా అన్నడు. నాకు ఒక్క నిమిషం కండ్లు కనపడలేదు. పేర్లు చదువుమన్న. మొదటిది నీది. రెండోది ఎవరో కుమార్. ఆఖరుది మల్లికార్జున సారుది. మళ్ళ చదువుమన్న. మళ్ళ మూడే.

నా పిల్ల పేరేది?

నీకు తెలువంది కాదు, అయినా నా కేసు నేను మొదటి నుంచి చెప్పుకోవాలె. ముప్పై ఏండ్లు నేను నూలుకు రంగులేసిన. షెడ్డుల రంగు గోలెం ముంగట నిలబడి, పొద్దంత నూలు చిలపలు ముంచుడు, నీళ్ళల్ల జాడిచ్చుడు. నా చేతులు మోచేతుల దాక నీలంగ ఉండేవి. జ్యోతి తల్లి పురిట్లనే పోయింది. నా కొడుకు ఇంకొకదాన్ని చేసుకొని ఇంకో ఊరికి పోయిండు. ఆ పిల్లను ఈ నీలం చేతులతోనే సాదిన. మా షెడ్డు మోరి ఒకనాడు ఎర్రగ, ఒకనాడు పచ్చగ పారేది. బాయిలల్లకు దిగేది. అది చూసి చూసే నా పిల్ల ఈ చదువు పట్టుకున్నది.

ఇనుప తుప్పును దుమ్ము కన్న సన్నగ చేస్తరట. కంటికి ఆనదు. అది రంగు నీళ్ళల్ల ఏసి, మేము నూలు తెల్లగ చేసే మందే నాలుగు చుక్కలు పోసి కలిపితే, ఆ తుప్పు రంగును కొరికి కొరికి ముక్కలు చేస్తదట. నన్ను లాబుకు తోలుకపోయి చూపించింది. నువ్వు పక్కనే ఉంటివి. ఎర్ర నీళ్ళు రెండు గంటలల్ల నల్లా నీళ్ళ తీరు తెల్లగ అయినయి. అయస్కాంతం ఆనిస్తే తుప్పంత ఒక దిక్కుకు వచ్చింది. నూలు జాడిచ్చినప్పుడు నీళ్ళు తెల్లగ వస్తేనే పని అయినట్టు, లేకుంటే కానట్టు. దానికి చిన్నప్పటి నుంచి నేను చెప్పిన మాట అది. ఆనాడు నేనే అన్న, అయింది బిడ్డా నీ పని అని. నువ్వు చప్పట్లు కొట్టినవు.

పోయిన సెప్టెంబరుల నా పిల్ల డెంగీ వచ్చి ఆరు దినాలల్ల పోయింది. ఇరవై ఏడేండ్లు. పెండ్లి లేదు, పిల్లలు లేరు. నేను పోతే దాన్ని యాది చేసుకునేటోళ్ళు లేరు. ఆ కాయితం మీద పేరుంటేనే అది ఈ భూమ్మీద ఉన్నట్టు.

మా ఇంట్ల ఎన్ని ఆదివారాలు తిన్నవు? సచ్చిపోయినోళ్ళు అడగరని తీసేసినరా? అడగడానికి నేనున్న.

జవాబు రాయి.

లచ్చవ్వ వేలిముద్ర


మహిళా హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్,
జూన్ 19.

అవ్వకు శ్రావ్య నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఫోన్ ఎత్తనందుకు క్షమించండి. పరీక్షల డ్యూటీలు వేశారు, తీరిక దొరకడం లేదు.

పత్రికలకు కొన్ని పద్ధతులు ఉంటాయి అవ్వా. పేరు వేయాలంటే ఆ మనిషి రాసినది చదివి, ఒప్పుకుని, సంతకం చేయాలి. జ్యోతి లేదు కాబట్టి అది కుదరలేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వ్యాసం చివర కృతజ్ఞతలు చెప్పే చోట తన పేరు తప్పకుండా ఉంటుంది. అదీ గౌరవమే.

వానలు మొదలయ్యాయి. మీ మోకాళ్ళు జాగ్రత్త. మెట్లు ఎక్కువగా ఎక్కకండి. మీరు చేసే పచ్చిపులుసు ఇక్కడ మెస్సులో అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

మీ
శ్రావ్య


తార్నాక,
జూన్ 27.

శ్రావ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్న. మోకాళ్ళ మాట, పచ్చిపులుసు మాట నాకు అక్కర లేదు.

చివర కృతజ్ఞతలు అంటే ఏందని వెంకటలక్ష్మమ్మను అడిగిన. పెండ్లి పత్రికల అడుగున బంధుమిత్రుల అభినందనలతో అని ఉంటది గద, అసువంటిది అన్నది. పెండ్లిపిల్ల పేరును గాడ ఏస్తరా?

నేను ఊకోలేదు. బుధవారం పది గంటలకు పోయి మల్లికార్జున సారు రూము ముంగట కింద కూసున్న. పోయే పిల్లలు, వచ్చే పిల్లలు నన్ను దాటుకుంట పోయిండ్రు. సారు కుర్చీ ఏయించిండు. నేను ఎక్కలేదు. కుర్చీల కూసుంటే చుట్టం లెక్క, చాయ్ తాగి పోవాలె. ఒంటి గంటకు ఆయన వచ్చి నా పక్కన మెట్టు మీద కూసున్నడు. మంచోడే, వట్టి మాట ఎందుకనాలె. అంత ఇన్నడు. సంతకం సంగతి అసలు అడ్డమే కాదన్నడు. పోయినోళ్ళ పేర్లు కూడ ఏస్తరట, పక్కన చిన్న గుర్తు పెట్టి కింద తారీకు రాస్తరట. ఇంటోళ్ళు ఒప్పుకుంటే చాలట. రెండో పేరుగ పెడతనన్నడు.

నేను దండం పెట్టబోయిన. అప్పుడు అన్నడు, "నాకేం అభ్యంతరం లేదమ్మా, ఆ శ్రావ్యే వద్దంటున్నది. కారణం చెప్పదు."

నువ్వా?

లాబు మొత్తం ఒప్పుకొని, సారు ఒప్పుకొని, నా పిల్ల పేరుకు అడ్డం పడ్డది నువ్వు. పద్ధతులని నాకు అబద్ధం రాసినవు. దవాఖానల దాని మంచం మీద కూసొని దాని తల నిమిరినవు గద. ఏ చెయ్యితోని నిమిరినవో ఆ చెయ్యితోనే కొట్టేసినవా? ఒక మాట చెప్పిన, వెంకటలక్ష్మమ్మ రాయనన్నది. ఒట్టు యాది చేసిన. రాసింది: దొంగ.

కాదంటే ఎందుకు కాదో చెప్పు.

లచ్చవ్వ వేలిముద్ర


మహిళా హాస్టల్, క్యాంపస్,
జూలై 5.

అవ్వా,

నాలుగు కాగితాలు చించి ఇది ఐదోది. సంతకం పద్ధతి అని నేను రాసింది అబద్ధమే. ఇప్పుడు రాసేది నిజం. వెంకటలక్ష్మమ్మగారూ, దయచేసి ఏదీ దాటవేయకుండా అవ్వకు చదివి వినిపించండి.

పోయిన సంవత్సరం ఏప్రిల్ నుంచి జ్యోతి మీ వంటింట్లోంచి ఉల్లిగడ్డలు ఎత్తుకొస్తుండేది, మీకు గుర్తుండాలి. మీరు తిట్టేవారట. మొదటిరోజు నేను వాటిని మా కడప అలవాటుగా ఎర్రగడ్డలు అన్నాను. "మీ ఊళ్ళె ఎర్రగడ్డ అంటే కూర, మా ఊళ్ళె ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి, నువ్వు దేనికి పోతవే" అని వారం రోజులు ఏడిపించింది. ఆ గడ్డలు కూరకు కాదు. గడ్డ అడుగు నీళ్ళకు ఆనేలా గ్లాసు మీద పెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లగా వేర్లు దిగుతాయి. నీళ్ళలో విషం ఉంటే దిగవు. అది తెలుసుకునేందుకు ఖర్చులేని పరీక్ష.

నల్లా నీళ్ళ మీద పెట్టిన గడ్డకు గడ్డంలా వేర్లు వచ్చాయి. రంగు నీళ్ళ గడ్డకు రాలేదు. మేము శుభ్రం చేశామనుకున్న నీళ్ళ గడ్డకూ రాలేదు.

మందు చుక్కలు మిగిలి ఉంటాయి, అందుకే రాలేదు అన్నారు సారు. జ్యోతి ఆ మందు పూర్తిగా విరిగిపోయేలా చేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ రాలేదు. సంగతేమిటంటే అవ్వా, తుప్పు రంగును ముక్కలు చేసింది నిజమే. ఆ ముక్కలు ఇంకా ఇంకా విరిగి చివరికి ఏమీ లేకుండా పోవాలి. మా పొడి సగం దారిలో ఆగిపోయింది. ముక్కలకు రంగు ఉండదు కాబట్టి కంటికి కనపడవు. కొన్ని ముక్కలు అసలు రంగుకన్నా చెడ్డవి. మేమిద్దరం ఏడాదిన్నర రంగునే కొలుస్తూ వచ్చాం. రంగు నూటికి తొంభై ఎనిమిది వంతులు పోయిందని పండగ చేసుకున్నాం.

వ్యాసంలో చివరి వాక్యం ఒకటుంది. ఈ నీళ్ళను పంట పొలాలకు వదలవచ్చు అని. ఆ వాక్యమన్నా తీసేయండి, నా పేరన్నా తీసేయండి అని జ్యోతి సారుకు రాసి ఇచ్చింది. ఈ వ్యాసం రంగు గురించి, వేర్ల గురించి ఇంకోటి రాద్దాం అన్నారాయన. జ్యోతి ఒప్పుకోలేదు. కోపంలో రాసిందని సారు ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. నేను సారు వైపు మాట్లాడాను. లెక్చరర్ ఇంటర్వ్యూకు నాకు ఆ వ్యాసం కావాలి. ఒకే బల్ల దగ్గర రెండు వారాలు మాట్లాడుకోకుండా పనిచేశాం. ఆ తర్వాత తనకు జ్వరం వచ్చింది.

ఆసుపత్రికి నేను వచ్చింది నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి. మీరు కొబ్బరిబోండాం కోసం కిందికి వెళ్ళారు. జ్వరం రాకముందు తను పొడి పాళ్ళు మార్చి మూడోసారి గడ్డలు పెట్టి వెళ్ళింది. వాటి గురించే అడిగింది. ఆ పొద్దున నేను చూసి వచ్చాను. ఒక్క వేరు లేదు. దాని ముఖం చూసి చెప్పలేకపోయాను అవ్వా. వచ్చాయన్నాను.

అయితే నా పేరు పెట్టండి అంది.

రెండు రోజులకు పోయింది. ఇప్పుడు తన పేరు వేస్తే నా అబద్ధం మీద వేసినట్టు. వేయకపోతే మీకు అన్యాయం. ఇది సారుకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. మీ ఇంటి గుమ్మం తొక్కలేకపోయింది అందుకే. కానీ నా పేరు మాత్రం మొదట ఉండనిచ్చాను. ఆ చివరి వాక్యం కూడా ఇంకా అలాగే ఉంది.

శ్రావ్య


తార్నాక,
జూలై 8.

శ్రావ్యా,

నమ్మను.

ఒకసారి అబద్ధం రాసినవు. దవాఖానల ఒక అబద్ధం చెప్పిననని నువ్వే రాస్తున్నవు. మూడోది కూడ అబద్ధం కాదని నేనెట్ల అనుకోవాలె? నీ మాట మీద నా పిల్ల పేరు వదులుకోను. నా కండ్లతోని నేను చూసిన ఆ నీళ్ళను, తెల్లగున్నయి. ముప్పై ఏండ్లు నీళ్ళు చూసిన కండ్లు ఇవి.

ఆ నీళ్ళు నాకు పంపు. మూడు రకాలు పంపు. ఉల్లిగడ్డలు నా దగ్గర ఉన్నయి.

లచ్చవ్వ వేలిముద్ర


క్యాంపస్,
జూలై 10.

అవ్వా,

నరహరి చేతికి ఆరు సీసాలు ఇచ్చి పంపుతున్నాను. రాతలు మీకు కుదరవని మూతలకు దారాలు కట్టాను. తెల్లదారం నల్లా నీళ్ళు. ఎర్రదారం రంగు నీళ్ళు. నీలందారం మేము శుభ్రం చేసినవి, మందు విరగ్గొట్టినవి. గడ్డ కింద ఎండిన పాత వేర్లు గిల్లేయండి. అడుగు మాత్రమే నీళ్ళకు తగలాలి. రోజూ నీళ్ళు మార్చండి. దయచేసి ఎవరూ తాగకండి, చేతులు కడుక్కోండి.

శ్రావ్య


తార్నాక,
జూలై 21.

శ్రావ్యా,

రెండుసార్లు పెట్టిన. వివరంగ చెప్తా.

ఒక్క తీరు గడ్డలు ఏరిన, ఒక్క తీరు గ్లాసులు తీసిన. కిటికీల వరుసగ పెట్టిన. రెండోనాడు తెల్లదారం గడ్డకు సూదిమొనల తీరు మొలిచినయి. మూడోనాడు బియ్యపుగింజంత. నాలుగోనాడు వెంట్రుకల తీరు గ్లాసు అడుగుకు దిగినయి. ఎర్రదారందానికి ఏం రాలేదు. నీలందారందానికి ఏం రాలేదు.

నిజం రాయిస్తున్న. నీలందారం గ్లాసును నేను ఎండకు జరిపిన. మూడింటిని ఒక్క తీరు చూడాలని తెలిసి కూడ జరిపిన. దాంతోని మాట్లాడిన, రావే అని. వెంకటలక్ష్మమ్మ చూసి, ఇట్ల చేస్తే పరీక్ష కాదమ్మా, మొక్కు అయితది అన్నది. అందుకనే ఆ గడ్డలు పారేసి మళ్ళ కొత్తవి పెట్టిన. ఈసారి ఎండకు జరపలేదు, మాట్లాడలేదు. రాలేదు. గడ్డ అడుగు మెత్తబడి గోధుమ రంగు తిరిగింది. ఏలు పెడితే దిగబడ్డది.

నీళ్ళు మాత్రం తెల్లగున్నయి. నేను పట్టుకొని చూసిన, వాసన చూసిన, తెల్ల నూలు ముంచి తీసిన. నూలుకు ఏం అంటలేదు. మా షెడ్డుల అయితే ఇగ చాలు అని పారపోసేటోళ్ళం. అట్ల ముప్పై ఏండ్లు పారపోసిన. ఆ మాటే దానికి నేర్పిన. అది రంగును కొలుచుకుంట ఏడాదిన్నర ఖరాబు చేసుకున్నదంటే ఆ మాట పట్టుకునే. కానీ అది నా మాట దాటి పోయింది, సారు మాట దాటి పోయింది. నాకు సమజ్ కాలేదు. ఉల్లిగడ్డలు దొంగతనం చేస్తున్నవని తిట్టిన. ఇంట్ల కూరకు ఉంచవా అన్న. ఎందుకని ఒక్కనాడన్న అడగలేదు.

ఇగ నా కేసు సంగతి. పేరు పెట్టకండ్రి.

ఇది నేను ఇష్టంగ చెప్తలేను. మొదటి ఉత్తరం రాయించిన నాడే, ఇంగ్లీషుల జ్యోతిర్మయి అని ఎట్లుంటదో ఒక కాయితం మీద రాయించుకున్న. పత్రిక వచ్చినంక ఎవల్ని అడగకుంట నేనే ఏలు పెట్టి చూపియ్యాలని. పొద్దుగాల, సాయంత్రం దాని మీద ఏలుతో దిద్దిన. మొదటి అక్షరం కొక్కెం తీరు ఉంటది. ఇప్పుడు ఏ కాయితం మీద ఉన్నా పట్టుకుంట. అది అచ్చుల ఒక్కసారి చూడాలని ఎంతుండెనో నాకు తెలుసు. కానీ అది వద్దన్నదాని మీద దాని పేరు గుద్దితే, నేను వెతికి పట్టుకొని ఎవలకు చూపియ్యాలె? మా షెడ్డు పక్కన పొలాలోళ్ళకా?

ఇంటోళ్ళు ఒప్పుకుంటలేరని సారుకు వేరే కాయితం రాయించి వేలిముద్ర ఏసిన. నరహరి చేతికి ఇచ్చిన. నీ పేరు సంగతి, ఆ ఆఖరు మాట సంగతి నేను అడగ. నీకు చదువున్నది.

ఒక్కటి అడుగుత. దవాఖానల నువ్వు వేర్లు వచ్చినయి అన్నప్పుడు దాని మొఖం ఎట్లున్నది? నేను బోండాం పట్టుకొని పైకి వచ్చేసరికి కండ్లు మూసుకొని ఉండె. మళ్ళ నాతోని సక్కగ మాట్లాడనే లేదు. నవ్విందా? అబద్ధమైతే అబద్ధమాయె, నవ్వితే చెప్పు.

లచ్చవ్వ వేలిముద్ర


మహిళా హాస్టల్, క్యాంపస్,
జూలై 29.

అవ్వా,

మీ కాగితం సారు బల్ల మీద చూశాను. అదే రోజు ఆసుపత్రిలో నేను చెప్పిన అబద్ధం ఆయనకు చెప్పాను. మూడోసారి గడ్డలకు కూడా వేర్లు రాలేదని చెప్పాను. ఇదంతా ఏడాది కిందటే చెప్పి ఉండాల్సింది అన్నారాయన. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు రాశాం. పనిచేసిన జ్యోతి, నేను ఇద్దరం వద్దన్నాక ఆయన ఒక్కరే ఎలా వేస్తారు. నా ఇంటర్వ్యూ ఈ ఏడు లేనట్టే. దానికి మీరు బాధపడవద్దు.

మీరు అడిగినదానికి జవాబు.

నవ్వలేదవ్వా. నవ్వింది అని రాయాలని చాలా అనిపించింది. నవ్వలేదు. నా వైపు కాసేపు చూసి, "ఎన్ని సెంటీమీటర్లు?" అంది. మూడు అన్నాను. అన్ని గడ్డలకూనా అంది. అన్నిటికీ అన్నాను. నా నోట్సుల రాయి, మర్చిపోతవు అంది. అప్పుడే పేరు పెట్టండి అన్నది. తరువాత కళ్ళు మూసుకుంది.

తిరిగి వచ్చి నిజంగానే రాశాను. తన నోటుపుస్తకంలో తన చేతిరాత ఆగిపోయిన చోట, నా చేతిరాతతో ఆ మూడు ఉంది. ఈ రోజు దాన్ని కొట్టేసి సున్నా రాసి పక్కన సంతకం పెట్టాను. ఆ పుస్తకం మీకు తెచ్చి ఇవ్వమంటే తెస్తాను.

శ్రావ్య


తార్నాక,
ఆగస్టు 2.

శ్రావ్యా,

నీ ఉత్తరం విన్న. వెంకటలక్ష్మమ్మ మధ్యల ఆగింది. నేను ఆగనియ్యలేదు.

దాన్ని సాదింది నేను, నువ్వు కాదు. నా పిల్ల నమ్మినప్పుడు ఏం అడగదు. పదో తరగతి పాసైన నాడు బడి పంతులు వచ్చి చెప్తే, ఎన్ని మార్కులని కూడ అడగలే, ఉరికింది. నమ్మనప్పుడే అడుగుతది. కూరల ఉప్పు సరిపోయిందంటే, రుచి చూసినవా, ఎంత ఏసినవు అని నన్ను పట్టుకునేది. నిన్ను సెంటీమీటర్లు అడిగిందంటే నువ్వు మూడు అనకముందే దానికి తెలిసిపోయింది. తెలిసే పేరు పెట్టమన్నది, నీకు అడ్డం పడొద్దని. నీకు ఆ నౌకరి కావాలని దానికి ఎరుకే. రెండు వారాల సంది మాట్లాడని దోస్తు మంచం కాడికి వచ్చి అబద్ధం చెప్తుంటే, ఒప్పుకున్నట్టు పండుకున్నది.

అంటే ఆ ఆఖరు రెండు దినాలు వేర్లు రాలేదని తెలిసే ఉన్నది. నాకు చెప్పలేదు. బోండాం తాగు బిడ్డా అంటే తాగింది.

పుస్తకం నాకొద్దు. నేనేం చేసుకోను. అది లాబులనే ఉండాలె. ఆ సున్నా కాడి నుంచి నువ్వు మొదలు పెట్టు. ఎన్నిసార్లు పెడతవో పెట్టు. నీలందారం గడ్డకు వేర్లు వచ్చిన నాడు నాకు చెప్పు, మూడు సెంటీమీటర్లు అక్కర లేదు, బియ్యపుగింజంత చాలు. నాకు డెబ్బై నాలుగు. అప్పటి దాక ఉంటనో లేనో.

మా ఇంటికి మాత్రం ఇప్పుడే రాకు. నీ మీద కోపం పోలేదు. పొద్దున చాయ్ పెట్టుకునేటప్పుడు పోయిందనిపిస్తది, గ్లాసులు కడిగేటప్పుడు మళ్ళ వస్తది. పోయిన నాడు నేనే రాయిస్త.

లచ్చవ్వ వేలిముద్ర